చుక్క ఒక గడి ఎడమకి

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మొన్నామధ్య అరసవల్లిలో మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. రెండు గంటలు కూర్చుని ఏ పరీక్ష రాస్తే ఏ హోదా వస్తుంది, ఏ మండలం పడితే పని తక్కువ, ఎవరిని పట్టుకుంటే శ్రీకాకుళం టౌనులోనే ఉండిపోవచ్చు, ఇవే అడిగారు. వాన గురించి ఒక్కళ్లూ అడగలేదు. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడుగుతూ నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద కాదు, నేను కూడా ఆ వయసులో అవే అడిగాను కాబట్టి.

నాది మండలాఫీసులో గణాంకాల ఉద్యోగం. ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారో రాయడం, కోతల కాలంలో పొలాల్లో గడి కొలిచి దిగుబడి తూయించడం, సంతలో ధరలు అడిగి పంపడం, ఇవన్నీ చేశాను. వాటి సంగతి కొత్తగా చేరిన మీకు ట్రైనింగులో చెబుతారు. దాంతో పాటు రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆఫీసు ఆవరణలో ఉన్న రెయిన్‌గేజిలో నీళ్లు కొలిచి, ఆ అంకె జిల్లాకి చెప్పాలి. అది ఐదు నిమిషాల పని అని ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఆ ఐదు నిమిషాల గురించే నేను రాస్తున్నాను.

కారణం ఉంది. మా పాత మండలంలో ఈదులగెడ్డ అనే కొండవాగు మీద కొట్టుకుపోయిన కల్వర్టుని మళ్లీ కట్టబోతున్నారు. మొదటిసారి రెండు తూములతో కట్టారు. మళ్లీ రెండు తూములతోనే కడతామంటున్నారు. అలా కడితే దాని పక్కనున్న గెడ్డవీధి మళ్లీ మునుగుతుంది. ఆ రెండు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

డబ్బా, సీసా, గ్లాసు

ఇప్పుడంటే యంత్రాలు వచ్చాయి, పావుగంటకోసారి వాటంతట అవే లెక్క పంపుతాయి. మా రోజుల్లో రెయిన్‌గేజి అంటే ఒక పెద్ద డబ్బా, దాని మీద గరాటు, లోపల ఒక సీసా. పొద్దున్నే సీసా తీసి, గీతలున్న గాజు గ్లాసులో పోసి చూడాలి. గ్లాసు నిండితే ఇరవై మిల్లీమీటర్లు. ఇంకా నీళ్లుంటే పారబోసి మళ్లీ నింపాలి. ఎన్నిసార్లు నింపామో మర్చిపోకూడదు. అంతే విద్య.

ఈ విద్యని కూడా మావాళ్లు ఎన్ని రకాలుగా పాడుచేయాలో అన్ని రకాలుగా చేశారు. నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఇంటి కిటికీలోంచి చూసి రాసేవాడట. బాగా పడితే పది, తుంపరైతే రెండు. ఆయన రాసిన రిజిస్టరు తిరగేస్తే అన్నీ సరిసంఖ్యలే. ఇంకో మండలంలో నా స్నేహితురాలు చేరేనాటికి రెయిన్‌గేజి మీదికి బాదం చెట్టు కొమ్మ పెరిగిపోయి ఉంది. నా మండలంలో ఒక పై అధికారి తన జీపు నిలపడానికి చోటు చాలడం లేదని, రెయిన్‌గేజిని తీసి గోడ పక్కన పెట్టించాడు. చూరు నీళ్లన్నీ అందులోనే. ఆ వారం మా మండలంలో చిరపుంజి పడింది. నేను వెళ్లి అడిగితే, "వాన ఎక్కడైనా వానే కదమ్మా" అన్నాడు. పది రోజులు పోట్లాడి దాన్ని మళ్లీ మధ్యకి మార్పించాను. ఆయన జీపు ఎండలో ఉండిపోయింది. నా మీద కోపం ఆయన బదిలీ అయ్యేదాకా పోలేదు.

నా దగ్గర అటెండరు అప్పన్న ఉండేవాడు. గెడ్డవీధి వాడే. పెద్దగా చదువుకోలేదు గానీ కొలతలో నాకంటే గట్టివాడు. గ్లాసు నింపిన ప్రతిసారీ జేబులోంచి ఒక చింతపిక్క తీసి గట్టు మీద పెట్టేవాడు. చివర్లో పిక్కలు లెక్కపెట్టి నాకు చెప్పేవాడు. నేను మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వలేదు. పెద్ద వాన రోజున పక్కన ఎవరైనా పలకరిస్తే, ఆరో గ్లాసో ఏడో గ్లాసో ఎంతటివాడికైనా తప్పిపోతుంది.

సాధారణం

మీరు ఉద్యోగంలో ఎక్కువసార్లు రాయబోయే మాట ఇది. నాకు వినగానే చిరాకు తెప్పించే మాట కూడా ఇదే.

నెల చివర్లో వాన మొత్తం కూడతాం. ఎప్పుడూ పడేదానికి దగ్గరగా ఉంటే 'సాధారణం' అని రాస్తాం. బాగా తక్కువైతే 'లోటు', బాగా ఎక్కువైతే 'అధికం'. ఈ మూడు గడుల్లో వానని కుక్కాలి. ఒక సంవత్సరం జూలై నెలంతా మబ్బు లేదు. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. నెలాఖరున రెండు రోజుల్లో కుండపోతగా పడి, మిగిలిన నారు కూడా ఇసకలో కలిసిపోయింది. నేను నెల అంకెలన్నీ కూడి చూశాను. మొత్తం సరిగ్గా ఎప్పుడూ పడేంతే వచ్చింది. సాధారణం అని రాసి బోర్డు మీద అంటించాను.

మర్నాడు సింహాచలం నాయుడు వచ్చాడు. గెడ్డ కింద రెండెకరాల రైతు. బోర్డు ముందు నిలబడి కొడుకు చేత చదివించుకుని లోపలికి వచ్చాడు.

"మేడంగోరూ, సాదారనం అంటే ఏటండి?"

"ఎప్పుడూ పడేంతే పడింది అని."

"ఎప్పుడు పడినాది? నెలంతా ఒక్క సినుకు నేదు. నారు మాడిపోనాది. ఆకరికి ఒచ్చి మడే ఎత్తుకుపోనాది. మీరేమో సాదారనం అని రాసీసినారు. మా ఇంట్లో తద్దినం జరిగితే కూడా సాదారనమనే రాస్తారేటి?"

పద్ధతి ప్రకారం అలాగే రాయాలి అన్నాను. "మీ పద్దతి మడిలో దిగి సూడమనండి" అని వెళ్లిపోయాడు.

ఆయన ఆ రోజు చెప్పింది తర్వాత పెద్ద పెద్ద మీటింగుల్లో శాస్త్రవేత్తలు తెరల మీద బొమ్మలేసి చెప్పారు. గాలి వేడెక్కే కొద్దీ ఎక్కువ తేమని పట్టుకుంటుంది. మన సముద్రం కూడా వేడెక్కుతోంది, అక్కడినుంచి లేచే ఆవిరీ ఎక్కువే. ఆ తేమ అంతా విడిచిపెట్టే వేళకి ధారగా కుమ్మరిస్తుంది. వాన రోజులు తగ్గి, ఉన్న రోజుల్లోనే దంచి కొడుతుంది. నెల మొత్తం చూస్తే మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది. మా మూడు గడుల్లో ఏదీ దీన్ని పట్టుకోలేదు. ఆ మీటింగుల నుంచి తిరిగొచ్చి మళ్లీ అదే ఫారంలో అదే మాట రాశాం. ఎవరైనా ఫారం మారుద్దామన్నారా అంటే, లేదు. నేనూ అనలేదు.

ఫలానా వాన పడింది కాబట్టి వాతావరణం మారిపోయింది అని చెప్పేవాళ్లని కూడా నేను నమ్మను. ఒక్క వానని చూసి ఏమీ చెప్పలేం. అలాంటి వానలు పూర్వం ఎన్నాళ్లకోసారి పడేవి, ఇప్పుడు ఎన్నాళ్లకోసారి పడుతున్నాయి అనేది చూడాలి. దానికి ఏళ్ల తరబడి రాసిన రిజిస్టరు కావాలి. ఆ రిజిస్టరు రాసేది మనమే.

ఆ ఉదయం

అక్టోబరు. తుపాను కూడా లేదు. ముందురోజు సాయంత్రం కొండ మీద మబ్బు పట్టి అక్కడే కూర్చుండిపోయింది. తెల్లారేసరికి వాన వెలిసింది. ఆఫీసుకి వచ్చేసరికి అప్పన్న రెయిన్‌గేజి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. సీసా నిండి, పొంగి, నీళ్లు బయటి డబ్బాలోకి కూడా చేరాయి. డబ్బాలోవి కూడా కొలవాలని నియమం. ఇద్దరం కలిసి కొలిచాం. గట్టు మీద పిక్కల వరుస పొడుగవుతూ పోయింది. పది దాటింది. నేను ఉద్యోగంలో అంత అంకె అంతకుముందు రాయలేదు. దశాంశం చుక్కకి ముందు మూడు అంకెలు.

అంకె ఫోనులో చెప్పాను. పది నిమిషాల్లో జిల్లా ఆఫీసు నుంచి మా పై అధికారి ఫోను చేశాడు. పేరు రాయను. చెడ్డవాడు కాదు, జీపాయనలా మొండివాడు కూడా కాదు. లెక్కలంటే ఇష్టం ఉన్నవాడే.

"ఏమ్మా, చుక్క ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

"సరిగ్గానే పెట్టాను సార్."

"పక్క మండలంలో పద్దెనిమిది. అటు పక్క ఇరవై రెండు. మధ్యలో నీ ఒక్కదానికే ఆకాశం చిల్లు పడిందా? చుక్క ఒక గడి ఎడమకి జరిపి చూడు, సరిగ్గా వాళ్లతో సరిపోతుంది. నువ్వు తొందరలో తప్పు పెట్టి ఉంటావు. మళ్లీ చూసి చెప్పు."

మళ్లీ చూడడానికి ఏముంది? నీళ్లు పారబోసేశాం. అప్పన్నని పిలిచి, "నువ్వు సరిగ్గా లెక్కపెట్టావా?" అన్నాను.

"నానెంచినాను మేడంగోరూ. పిక్కలు ఇక్కడే ఉన్నాయి కదా, మీరూ ఎంచుకోండి."

"గ్లాసు సగం సగం నింపి పోశావేమో."

"నానేటి కొత్తోణ్ణా? గెడ్డ సూసొచ్చినాను పొద్దున్నే. మా ఈది పొలాల మీదనుంచి తాడెత్తున పారినాది. నమ్మకపోతే ఎళ్లి సూడండి."

గెడ్డ అంటే మీలో కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లకి తెలియదేమో. కొండ మీంచి దిగే చిన్న ఏరు. ఏడాదిలో తొమ్మిది నెలలు అందులో గొర్రెలు నడుస్తాయి. దాన్ని చూసి రావడానికి నాకు స్కూటరు మీద పావుగంట పట్టేది. వెళ్లలేదు. అప్పన్న వాళ్లు ప్రతి చిన్నదానికీ తాడెత్తు అంటారులే అనుకున్నాను. చింతపిక్కలతో వానని లెక్కపెట్టే మనిషి మాట పట్టుకుని జిల్లా అధికారితో వాదించడానికి నాకు నామోషీ అనిపించింది. ఆయన బెదిరించి ఉంటే ఇప్పుడు రాసుకోవడానికి ఎంత హాయిగా ఉండేది! బెదిరించలేదు. మళ్లీ చూడమన్నాడు, అంతే. రిజిస్టరు తీసి ఆ చుక్కని గీకేసి ఒక గడి ఎడమకి పెట్టింది నేనే. ఇరవై చిల్లర అయింది. పక్కన 'సవరించబడినది' అని రాసి పొట్టి సంతకం కూడా పెట్టాను.

అప్పన్న చూశాడు. గట్టు మీది పిక్కలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

రెండు తూములు

ఏడెనిమిదేళ్లు గడిచాయి. నేను రెండు మండలాలు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాను. ఈలోగా గెడ్డ దాటడానికి మంచి రోడ్డు కావాలని ఊళ్లవాళ్లు అడిగీ అడిగీ, ఎట్టకేలకి మంజూరైంది. అంతకుముందు గెడ్డలో దిగి ఎక్కే మట్టిదారి ఉండేది. ఇప్పుడు గెడ్డకి అడ్డంగా ఎత్తుగా మట్టి పోసి, దాని మీద రోడ్డు వేసి, కింద నీళ్లు పోవడానికి తూములు పెడతారు.

ఎన్ని తూములు పెట్టాలో తేల్చడానికి, మీ రెయిన్‌గేజిలో ఒక్కరోజులో పడిన పెద్ద వానల జాబితా పంపమని ఇంజినీర్ల నుంచి కాగితం వచ్చింది. నేనే రిజిస్టర్లన్నీ ముందేసుకుని, అంకెలు ఏరి, శుభ్రంగా పట్టిక గీసి పంపాను. పట్టిక కింద సంతకం నాదే. మీరు నమ్ముతారో లేదో గానీ, ఆ అక్టోబరు ఉదయం నాకు గుర్తే రాలేదు. ఇరవై చిల్లర అనేది పెద్ద వాన కాదు కాబట్టి ఆ పేజీ తిప్పేశాను.

పని మొదలయ్యాక గెడ్డవీధి వాళ్లు నలుగురు ఆఫీసుకి వచ్చారు. రెండు తూములు చాలవన్నారు. అప్పటికి రిటైరైన అప్పన్న కూడా వాళ్లలో ఉన్నాడు. ఆ రోజు సైటు చూడ్డానికి వచ్చిన ఇంజినీరు నా పట్టిక తీసి వాళ్లకి చూపించాడు. "ఇదిగో, మీ మండలం మేడం గారే ఇచ్చారు. ఇంత వానకి రెండు ఎక్కువే" అన్నాడు. వాళ్లు నా వైపు చూశారు. నేను తలూపాను. అప్పన్న ఏదో అనబోయి మానేశాడు. అప్పుడైనా అడిగి ఉండాల్సింది. మధ్యాహ్నం మూడు గంటలకి వేరే మీటింగు ఉంది, రిపోర్టు పూర్తి కాలేదు. అదీ నా కారణం.

నిలబడ్డ నీళ్లు

నేను రిటైరైన రెండో వానాకాలంలో అది జరిగింది. మధ్యాహ్నం మూడింటికి మొదలై దీపాలు పెట్టేవేళకి వెలిసిన వాన. అరసవల్లిలో నేను మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుంటే, తడి కూడా కాలేదు. అక్కడ కొండ మొత్తం దిగి వచ్చింది. కొట్టుకొచ్చిన దుంగలు, తుప్పలు రెండు తూములకీ అడ్డం పడ్డాయి. రోడ్డు కట్ట ఆనకట్ట అయిపోయింది. నీళ్లు వెనక్కి తన్ని గెడ్డవీధి మీదికి ఎక్కాయి. ఇళ్లలో నడుము దాకా, పల్లంలో ఉన్నవాటిలో మెడ దాకా వచ్చి, గంటసేపు అలాగే ఉండి, చివరికి కట్ట తెగి కల్వర్టుతో సహా పోయాయి. సూరయ్య అనే ఆయన గేదె పలుపు విప్పడానికి పాకలోకి వెళ్లాడు. కట్ట తెగినప్పుడు ఆయన, గేదె, పాక అన్నీ కొట్టుకుపోయాయి. గేదె బతికింది.

మూడోరోజు బస్సెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు నాకే తెలియదు. సూరయ్య భార్య పైడమ్మ అరుగు మీద బురద తోడుతోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. కూర్చోలేకపోయాను.

"నీళ్లు రావటం మాకు తెలుసమ్మా," అంది. "మా అత్త కాలం నుంచీ ఒస్తన్నాయి. గెడ్డ పొంగితే పొలాల మీద పడి ఎళిపోతాది. ఓ జాము సూసుకుంటే సాలు. నీళ్లు ఇలాగ నిలబడిపోవటం మాకు తెల్దు. ఎళిపోతాదిలే, ఎళిపోతాదిలే అనీసి సూసినాడు. ఎళ్లలేదు."

అప్పన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. గోడ మీద నీళ్ల గీతని చూపించాడు.

"ఆ రోజూ ఇంతే వాన మేడంగోరూ. పొంగి సీసాలోనుంచి డబ్బాలోకి దిగిన రోజు. అప్పుడు రోడ్డు నేదు కాబట్టి ఎళిపోనాది. మా అయ్య ఇలాటి వాన జన్మకి ఒక్కపాలి సూసేనని సెప్పేవోడు. నాను మూడుపాల్లు సూసీసినాను. మీరు పుస్తకంలో ఏటి రాసినారో నాకు తెలుసు. అయినా సెప్పటానికి నాకెంత సదువుందని?"

బస్సులో వస్తూ ఏడ్చాను. పక్కనావిడ కొంగు అందించింది. ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది. అవునన్నాను.

కాగితం

కల్వర్టు మళ్లీ కట్టడానికి ప్లాను తయారవుతోందని తెలిసి శ్రీకాకుళంలో ఇంజినీర్ల ఆఫీసుకి వెళ్లాను. అక్కడ పెద్దాయన నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, పాత పట్టికే తీసి నా ముందు పెట్టాడు.

"వాతావరణం మారిపోయింది, వానలు మారిపోయాయి అని అందరూ అంటున్నారు మేడం. పేపర్లో రోజూ అదే. కానీ మీ రెయిన్‌గేజి రికార్డు చూడండి. మొన్నటిది ఒక్కటి తీసేస్తే ఎక్కడా పెద్ద వానే లేదు. ఏదో ఒక్కసారి వచ్చింది, దానికోసం డిజైను మార్చమంటే పైవాళ్లు ఒప్పుకోరు."

ముప్పై ఏళ్లలో నాకు రాని కోపం అప్పుడు వచ్చింది. రికార్డులో లేదు కాబట్టి వాన లేదట! రికార్డులో ఎందుకు లేదు? పెద్ద అంకె కనబడగానే ఇది తప్పు అనుకుని మేమే కోసేశాం కాబట్టి. పక్క మండలంతో సరిపోలేదని, ఎప్పుడూ చూడలేదని, నమ్మబుద్ధి కాలేదని. వాతావరణం మారడం అంటే సరిగ్గా అదే కదా, ఎప్పుడూ చూడని అంకె రావడం! వచ్చినదాన్ని వచ్చినప్పుడల్లా చక్కగా దిద్దేసి, ఇప్పుడు ఆ దిద్దిన పుస్తకాన్నే చూపించి ఏమీ మారలేదంటున్నాం. ఇదంతా గట్టిగానే అరిచాను. పక్క గదుల్లోంచి జనం తొంగి చూశారు.

ఆయన మంచినీళ్లు ఇప్పించి, "నోటి మాట చాలదు మేడం. అంకె మార్చినవాళ్లు ఒప్పుకుంటూ రాసిస్తే ఫైల్లో పెట్టగలను" అన్నాడు. నా పాత సహోద్యోగులకి ఫోను చేశాను. ఒక్కరూ రాయమనలేదు. "ఇప్పుడు నీకెందుకు? ఆ రోజు ఫోను చేసిన అధికారి మీద తోసెయ్, ఆయన పోయి నాలుగేళ్లయింది" అన్నాడొకాయన. చుక్క జరిపిన చెయ్యి ఎవరిది అంటే ఏం చెప్పను?

ఇంటికొచ్చి ఒక పేజీ రాశాను. ఆ రోజు ఎన్ని గ్లాసులు కొలిచామో, ఎవరు లెక్కపెట్టారో, చుక్క ఎవరు జరిపారో. ఆయన ఫోను సంగతి ఒక్క వాక్యంలో రాశాను, తప్పు నాది అని రెండు వాక్యాల్లో రాశాను. గెడ్డవీధి వెళ్లి సాక్షిగా అప్పన్న చేత వేలిముద్ర వేయించాను. "ఇప్పుడు నానెంచింది నమ్ముతారేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళితే, డిజైను చేసేది కొత్తగా చేరిన ఒక అమ్మాయి అని అక్కడికి పంపారు. హారిక అట. పాతికేళ్లుంటాయేమో. కాగితం రెండుసార్లు చదివింది. రిజిస్టరు జిరాక్సు తెప్పించి, గీకిన చోట వేలు పెట్టి చూసింది. క్యాలిక్యులేటరు తీసింది. లెక్క వేసి కాగితం అంచున రాసుకుంది.

"ఈ ఒక్కటి కలిపితేనే రెండు తూములు చాలవు మేడం. తూములతో కాదు, వంతెనలా కింద ఖాళీగా వదలాలి. నేను అలాగే ప్రతిపాదన పెడతాను. పైన ఒప్పుకుంటారో లేదో చెప్పలేను, కానీ పెడతాను."

ఒక్కసారిగా తేలికైపోయాను. నిజం చెబుతున్నాను, దండం పెట్టబోయాను. నేను చేసిన పాపం ఆ బల్ల మీద పెట్టేసి వెళ్లిపోవచ్చు అనుకున్నాను. బ్యాగు భుజాన వేసుకుని లేచాను కూడా.

"ఒక్క నిమిషం మేడం," అంది. "మీరు పనిచేసిన మిగతా మండలాల్లో కూడా మేం కల్వర్టులు కడుతున్నాం. ఈ గెడ్డే కాదు, ఇంకో ఆరు గెడ్డలున్నాయి. ఇలా దిద్దినవి ఇంకెన్ని ఉన్నాయి?"

కోపంగా అడగలేదు. పెన్ను మూత తీసి, కాగితం దగ్గరికి లాక్కుని, అంకె రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది.

నేను నిలబడే ఆలోచించాను. కొండ కింది మండలం ఒకటి, సముద్రం ఒడ్డున ఒకటి, మధ్యలో ఇంకొకటి. 'మళ్లీ చూసి చెప్పు' అన్న ఫోన్లు ఎన్ని వచ్చాయి? ఫోను రాకుండానే, ఇది మరీ ఎక్కువగా ఉంది అని నా అంతట నేనే తగ్గించి రాసినవి ఎన్ని? ఈదులగెడ్డ ఒక్కటే ఎందుకు గుర్తుంది? అక్కడ అప్పన్న ఉన్నాడు కాబట్టి. అక్కడ మనిషి పోయాడు కాబట్టి. మిగిలినచోట్ల ఇంకా ఎవరూ పోలేదు.

"గుర్తు లేదమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నా మొహం వైపు ఒకసారి చూసి, నా మండలాల పేర్లు ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ప్రతి పేరుకీ ఎదురుగా 'గుర్తు లేదు' అని రాసింది. కింద సంతకం పెట్టమని కాగితం నా వైపు తిప్పింది. పెట్టాను.